చూశాను అన్న మాట

"పిచ్చుకా! ఏయ్ పిచ్చుకా, ఒక్క నిమిషం ఆగవే!"

విన్నారా మేడమ్? విన్నారు కదా? ఇంత పెద్ద వరండాలో, అందరూ చూస్తుండగా, ఏమీ జరగనట్టు! మొన్నటిదాకా ఎలా పిలిచాడో ఇవాళా అలాగే పిలుస్తున్నాడు. మనిషన్నాక కాస్తయినా సిగ్గుండాలి. తలుపు వేసేస్తున్నాను, ఏమీ అనుకోకండి. గడియ కూడా పెట్టేదా? వద్దా. సరే.

నిలబడే చెబుతాను మేడమ్. కూర్చుంటే ఏడుపొచ్చేస్తుంది నాకు. అబ్బ, అలా చూడకండి. కూర్చుంటాలెండి.

అదిగో, విచారణకి అతను రాసిచ్చిన కాగితం అదే కదా? నాకు చదివి వినిపించక్కర్లేదు. గుమస్తాగారు పొద్దున్నే ఒక నకలు నా చేతిలో పెట్టారు. అప్పట్నుంచీ ఆ నాలుగు ముక్కలే బుర్రలో గిరగిరా తిరుగుతున్నాయి. 'మందు ఉన్న గాజు ఆంప్యూల్‌ను నా జోడీకి చూపించాను. ఆమె చూశాను అని చెప్పింది. చూడకుండానే చూశాను అనడం ఆమెకు అలవాటు. ఈ విషయమై నేను ఆమెను పలుమార్లు హెచ్చరించి ఉన్నాను.'

హెచ్చరించి ఉన్నాడట! ఎప్పుడండీ? కల్లోకి వచ్చి హెచ్చరించాడా?

ఏడాదిన్నర మేడమ్. ఒకే అంబులెన్స్. ముందు డ్రైవర్ బాబాయ్, వెనకాల అతనూ నేనూ. అతను సీనియర్, నేను మీ క్లాసులోంచి అప్పుడే బయటపడ్డ దాన్ని. మొదటి రోజు స్ట్రెచర్ ఒక పక్క ఎత్తలేక నేను గాల్లో వేలాడితే, 'బాబాయ్, మనకి పారామెడిక్‌ని ఇమ్మంటే పిచ్చుకని ఇచ్చారు' అన్నాడు. అంతే, ఆ పేరు అతుక్కుపోయింది. నాకు కోపం రాలేదు. నిజం చెప్పనా? ఇంటికెళ్ళి అద్దం ముందు నిలబడి నన్ను నేనే రెండుసార్లు పిలుచుకున్నాను.

నవ్వకండి మేడమ్. మీకు ఇరవై మూడేళ్ళు ఎప్పుడూ రాలేదా?

పని మాత్రం బాగా చేస్తాడు. అది నేను కాదనను. అతను చెయ్యి వేస్తే రోగి సగం భయం పోతుంది. ఒకసారి ఒక తాతగారికి గుండెనొప్పి. నాలుక కింద కొట్టే స్ప్రే ఇవ్వాలి. ఇచ్చేముందు బీపీ చూడాలి, 'ఆ' మగవాళ్ళ మాత్రలేమైనా వేసుకున్నారా అని అడగాలి కదా, రెండూ కలిస్తే బీపీ పాతాళానికి పడిపోతుందని మీరే చెప్పారు. పక్కనే మామ్మగారు! నేను దిక్కులు చూస్తున్నాను. అతను తాతగారి చెవి దగ్గరికి వంగి మెల్లగా అడిగాడు. తాతగారు లేదని తల ఊపారు. 'ఏవిటయ్యా ఆ గుసగుసలు?' అని మామ్మగారు. 'ఏం లేదమ్మా, మీవారు మంచివారా కాదా అని కనుక్కుంటున్నాను' అన్నాడు. అంత నొప్పిలోనూ తాతగారు నవ్వారు మేడమ్! ఆయన నవ్వుతుంటే స్ప్రే కొట్టాడు.

అలాంటి మనిషిని చూసి మనసు పారేసుకోకుండా ఎలా ఉంటారు, మీరే చెప్పండి.

వస్తున్నా, అసలు సంగతికే వస్తున్నా.

మీరు క్లాసులో వేళ్ళు మడిచి చెప్పించేవారు. మనిషి, మందు, మోతాదు, ఎక్కించే దారి, వేళ. ఈ ఐదూ సరిచూసుకోకుండా సూది దించకూడదు. ఒకరు ఆంప్యూల్ పట్టుకుని పేరు, మోతాదు, గడువు తేదీ పైకి చదవాలి. రెండోవాళ్ళు తమ కళ్ళతో ఆ అక్షరాలు చదివి, అప్పుడు 'చూశాను' అనాలి. ఆ మాట వినపడేదాకా మొదటివాళ్ళు మందు ఎక్కించకూడదు. ఖాళీ ఆంప్యూల్ ఆసుపత్రిలో అప్పజెప్పేదాకా పారేయకూడదు. అంతా నాకు నోటికి వచ్చు. పరీక్షలో నాకే ఎక్కువ మార్కులు, గుర్తుందా?

మొదటి నెల అలాగే చేశాను. అక్షరం అక్షరం. అప్పుడొక రోజు ఒకావిడకి మూర్ఛ. బాత్రూమ్ తలుపు దగ్గర పడి కొట్టుకుంటోంది. ఆంప్యూల్ వెలుతురులోకి తిప్పి నేను చదువుతున్నాను. 'పిచ్చుకా, నువ్వు పారాయణం పూర్తి చేసేలోపు ఈవిడ లేచి కాఫీ పెడుతుంది. చూశాను అనెయ్, చాలు' అన్నాడు. అనేశాను.

సాయంత్రం బండి కడుగుతున్నప్పుడు నేనే అడిగాను, మరి నేను మందు ఇచ్చేటప్పుడు మీరు అసలు చూడటమే లేదేంటి అని. నా వైపు తిరిగి, తడిచేత్తో జుట్టు వెనక్కి తోసుకుని ఏమన్నాడో తెలుసా? 'నీ చేతిలో ఉన్నదాన్ని నేను మళ్ళీ చూడటమేంటి? నీ మీద నాకు ఆ మాత్రం నమ్మకం లేదా?'

మూడు రోజులు అన్నం సయించలేదు మేడమ్ నాకు.

అక్క కొనే వారపత్రికలో సీరియల్ హీరోలు ఏవేవో అంటారు, నువ్వు లేకపోతే నేను లేనని, ఇంకేదో అని. అవన్నీ ఈ మాట ముందు దిగదుడుపే అనిపించింది. నమ్మకం! ఇంకా ఏం కావాలి ఒక ఆడపిల్లకి? ఆ తర్వాత అతను కిటికీలోంచి బయటికి చూస్తూ 'చూశాను' అన్నా, ఫోను సర్దుకుంటూ 'చూశాను' అన్నా, నాకు ఒళ్ళు పులకరించేది. నన్ను చూడకుండా నమ్ముతున్నాడు అనుకునేదాన్ని. తెలివితక్కువ దాన్ని. రోగి ప్రాణం మధ్యలో ఉందన్న సంగతే మర్చిపోయి మురిసిపోయేదాన్ని.

మరి ఇవన్నీ ఆ కాగితంలో ఉన్నాయా మేడమ్? ఒక్కటైనా ఉందా? వెనక్కి తిప్పి చూడండి. లేదు. ఉండదు.

ఆ రోజా? చెబుతాను.

పొద్దున ఒక పిల్లకి కందిరీగలు కుట్టాయి. ఒళ్ళంతా దద్దుర్లు, గొంతు పూడుకుపోతోంది. అడ్రినలిన్, తొడ కండలోకి. రెండు ఆంప్యూల్స్ బయటికి తీశాం, ఒకటి సరిపోయింది. రెండోది మళ్ళీ పెట్టెలో పెట్టేశాం. ఎవరు పెట్టారు? నాకు గుర్తులేదు, ఒట్టు. అతనికీ గుర్తులేదట. ఎవరో ఒకరం, దాని అరలో కాకుండా పక్క అరలో పెట్టాం. పక్క అర అట్రోపిన్‌ది. ఈసారి కొత్త సరుకులో రెండూ ఒకే ఎత్తు, ఒకే తెల్ల గాజు. మీరు ఎప్పుడూ మొత్తుకునేవారు కదా, అరని నమ్మకండి, అక్షరాన్ని నమ్మండి అని. మాకు మాత్రం పెట్టె తెరిస్తే చేతులే పరిగెత్తేవి. రెండో వరస మూడో అర అట్రోపిన్. చూడక్కర్లేదు. కళ్ళు మూసుకుని తీసేవాళ్ళం. దాన్ని గొప్పగా చెప్పుకునేవాళ్ళం కూడా.

పదకొండింటికి ఇంకో కేసు. గడియారాలు బాగుచేసే ఆయన, కొట్లోనే స్టూలు మీద నుంచి జారిపోయాడు. వెళ్ళేసరికి మొహం పాలిపోయి, చెమటలు. మాట ఉంది గానీ ముద్దగా ఉంది. నాడి ముప్పై నాలుగు. ఆయన భార్య, పాపం, ఆయన కళ్ళజోడు రెండు చేతులతో పట్టుకుని నిలబడింది. గోడ నిండా గడియారాలు, ఒక్కోటి ఒక్కో టైము. ఆయన్ని బండిలోకి ఎక్కించాం, ఆవిడ ముందు బాబాయ్ పక్కన కూర్చుంది. గుండె నెమ్మదించింది కాబట్టి అట్రోపిన్. అది సరైన నిర్ణయమే, మీరూ కాదనరు.

అతను పెట్టెలో చెయ్యి పెట్టాడు. 'అట్రోపిన్' అన్నాడు. నేను 'చూశాను' అన్నాను. నరంలోకి ఎక్కించాడు.

మధ్యలోనా? మధ్యలో ఏమైందో తర్వాత చెబుతాను మేడమ్. ముందు ఇది చెప్పనివ్వండి.

అర నిమిషం పట్టలేదు. ముప్పై నాలుగు కాస్తా నూట ఎనభై! ఆయన నా చెయ్యి గట్టిగా పట్టేసుకున్నాడు. 'అమ్మాయ్, తల పగిలిపోతోంది' అన్నాడు. మానిటర్ గోలగోల. బీపీ చూస్తే నేను మెషిన్ పాడైందనుకున్నాను. ఒక్కోసారి అలా స్పందిస్తారులే అన్నాడు అతను. బాబాయ్ బండిని ఎలా నడిపాడో ఆ దేవుడికే తెలియాలి.

క్యాజువాలిటీలో పెద్ద నర్సు ఖాళీ ఆంప్యూల్ అడిగింది. ట్రేలోంచి తీసి ఇచ్చాను. వెలుతురుకి ఎత్తి చూసింది. 'ఏం ఇచ్చారమ్మా?' అంది. 'అట్రోపిన్ అండీ' అన్నాను, బడిలో పాఠం అప్పజెప్పినట్టు. ఆవిడ తిట్టలేదు మేడమ్. ఆ గాజుముక్కని నా అరచేతిలో పెట్టి, అక్షరాలు పైకి తిప్పి వెళ్ళిపోయింది.

అడ్రినలిన్. ఆగిపోయిన గుండెని లేపడానికి కొట్టే మందు. దాన్ని కొట్టుకుంటున్న గుండెకి, మొత్తం ఒకేసారి నరంలోకి ఇచ్చాం. మెదడులో చిన్న నాళం చిట్లిందట. ప్రాణం పోలేదు. కుడిచెయ్యి మాత్రం ఇంకా మాట వినడం లేదు.

గడియారాలు బాగుచేసే చెయ్యి మేడమ్ అది.

బయట ఆక్సిజన్ సిలిండర్ల పక్కన నేను కూలబడి ఉంటే అతను వచ్చి నా చెయ్యి పట్టుకున్నాడు. మొదటిసారి. 'భయపడకు. ఇద్దరం ఒకే మాట రాద్దాం. తొందరలో ఇద్దరం సరిగ్గా చూసుకోలేదు అని. ఏం శిక్ష పడినా ఇద్దరికీ చెరిసగం' అన్నాడు. లోపల ఒక మనిషి అలా పడి ఉంటే, ఇక్కడ నాకు... చెప్పడానికే సిగ్గేస్తోంది. నాకు సంతోషం వేసింది మేడమ్. చెరిసగం అన్నాడని! శిక్షలో సగం ఇస్తున్నాడని మురిసిపోయిన పిచ్చిది ఈ లోకంలో ఇంకెవరైనా ఉంటారా?

మూడు రోజులు ఆ మాట పట్టుకుని తిరిగాను. నాలుగో రోజు నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు. వచ్చే నెల నుంచి మీ క్లాసులు అతను చెబుతాడట. 'మందులు సురక్షితంగా ఇచ్చే విధానం, కొత్త శిక్షకుడు' అని, కింద అతని పేరు. దానికి దరఖాస్తు పెట్టాడని కూడా నాకు తెలియదు. తప్పంతా నాదేనని అతను రాసిచ్చిన సంగతీ ఆ రోజే చెవిన పడింది. అప్పుడు అర్థమైంది, చెరిసగం ఎందుకు ఆవిరైపోయిందో. మచ్చ ఉన్నవాడికి ఆ కుర్చీ ఇవ్వరు కదా.

అడిగాను, ఎందుకు అడగలేదూ! మెట్ల దగ్గర నిలదీశాను. 'నీకు చిన్న వయసు, ఇంకో చోట ఉద్యోగం దొరుకుతుంది. నాకు ఇదొక్కటే అవకాశం. అర్థం చేసుకో' అన్నాడు. ఎంత మెత్తగా అన్నాడనుకున్నారు! రోగితో మాట్లాడతాడే, 'చీమ కుట్టినట్టు ఉంటుంది, అంతే' అని, అచ్చం అలాగే.

ఇదిగో, ఇది నా కాగితం. నేనూ రాసుకొచ్చాను. మాటలు నావి కావు, అక్క చెప్పింది, నేను రాశాను. కుట్టుమిషను ఆపి మరీ చెప్పింది. 'వాడు నీ నెత్తిన రుద్దితే నువ్వు నోరు మూసుకుని కూర్చుంటావా? ఆంప్యూల్ చూపించనే లేదని రాయవే. బండి వెనకాల ఉన్నది మీరిద్దరే. డ్రైవర్ ముందున్నాడు. రోగి చూసే స్థితిలో లేడు. ఎవడు చూశాడు?' అమ్మ పక్కనుంచి, 'అబద్ధమేమోనే' అంది. 'అమ్మా, లైసెన్సు పోతే దానికి మళ్ళీ ఇస్తారా? నువ్వు ఊరుకో' అని కసిరేసింది అక్క.

అక్క అన్నదీ నిజమే. ఈ సంతకం పెడితే అతని కుర్చీ పోతుంది, నా లైసెన్సు నిలబడుతుంది. పెట్టకపోతే తలకిందులు. ఒకరి మాట మీద ఒకరి మాట. అంతే కదండీ విచారణ అంటే?

పెన్ను ఉంది మేడమ్, నా దగ్గరా ఉంది. చదివి సంతకం పెట్టమంటారా? పైకి చదవాలా? ఎందుకూ, మీరే చదువుకోవచ్చు కదా... సరే, సరే.

'ఆ రోజు మందు ఇచ్చేముందు మా సీనియర్ నాకు ఆంప్యూల్...'

నిన్న ఆసుపత్రికి వెళ్ళాను మేడమ్. వెళ్ళకూడదేమో. కాళ్ళు ఆగలేదు. వార్డు బయటి నుంచి చూసి వచ్చేద్దామనుకున్నాను. ఆ గడియారాల ఆయన భార్య నన్ను గుర్తుపట్టేసింది. తను కూర్చున్న కుర్చీ ఖాళీ చేసి నన్ను కూర్చోబెట్టింది. చూడటానికి వచ్చిన చుట్టాలతో, 'ఈ అమ్మాయే, సమయానికి వచ్చి ఆయన్ని కాపాడింది' అని చెప్పింది. ఎవరో పెద్దాయన నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాడు. గడియారాల ఆయన మంచం మీద నుంచి చూస్తున్నాడు. ఎడంచేత్తో కుడిచేతి వేళ్ళని ఒక్కొక్కటే తెరుస్తున్నాడు, వదిలేస్తే మళ్ళీ ముడుచుకుపోతున్నాయి. నేను ఏమీ చెప్పకుండా వచ్చేశాను.

ఆవిడకి ఇంకా ఎవరూ చెప్పలేదు కదా మేడమ్? విచారణ అయ్యాక చెబుతారా? అప్పుడు ఏమని చెబుతారు, నా కాగితంలో ఉన్నదా, అతని కాగితంలో ఉన్నదా?

చదువుతాను, చదువుతాను. కాస్త నీళ్ళు తాగనివ్వండి.

ఒక్క సంగతి అడగనా? పొద్దున్నుంచీ నన్ను తొలిచేస్తోంది ఇదే. హెచ్చరించానన్నది పచ్చి అబద్ధం, దాన్ని వదిలేయండి. దానికి ముందు వాక్యం ఉంది చూడండి. 'చూడకుండానే చూశాను అనడం ఆమెకు అలవాటు.' అది అతనికి ఎలా తెలిసింది మేడమ్?

ఆలోచించండి. అతను ఆంప్యూల్ పట్టుకుని ఉంటాడు. నేను ఎదురుగా ఉంటాను. నేను అక్షరాలు చూస్తున్నానో లేదో తెలియాలంటే, అతను నా కళ్ళు చూసి ఉండాలి. నా కళ్ళు ఎక్కడున్నాయో చూసి ఉండాలి. అంటే తెలుసన్నమాట! ఏడాదిన్నర, ప్రతిసారీ, నేను ఎటు చూస్తున్నానో అతనికి తెలుసు. ఇంకెవరికీ తెలియదనుకున్నాను. అక్కకి చెప్పలేదు, అమ్మకి చెప్పలేదు. 'నావైపు కాదే, ఆంప్యూల్ చూడు' అని ఒక్కసారి అంటే సరిపోయేది. అనలేదు. బాగుందనిపించింది కాబోలు. ఇన్నాళ్ళూ లోపల్లోపల నవ్వుకుని, అవసరం పడేసరికి తీసి అలవాటు అని రాసేశాడు. నేను ప్రాణంలా దాచుకున్నదాన్ని, ఆఫీసు కాగితం మీద, తేదీ వేసి!

నా మీద నేరం మోపినందుకు కాదు మేడమ్ నాకు ఇంత మంట. దానికి కాదు.

ఏంటి? ఆ... అవును. మధ్యలో ఏమైందనే కదా మీరు అడుగుతున్నది. అప్పట్నుంచీ అదొక్కటే అడుగుతున్నారు, నేను అన్నీ చెప్పి అదొక్కటి దాటేస్తున్నాను.

ఇదిగో, ఈ కాగితం. నాదే. చించేస్తాను. పర్లేదు, ముక్కలు నేనే ఏరతాను.

అతను అర చూసి తీశాడు, అక్షరం చూడలేదు. అది అతని తప్పు, అది మీరు రాయాల్సిందే. చూశాను అనెయ్, చాలు అని నాకు నేర్పింది అతనే, అదీ రాయండి. నేనేమీ అతన్ని క్షమించేయలేదు. ఆ గడియారాల ఆయన భార్యకి మాత్రం మీరు ఎవరినీ పంపకండి. నేను వెళ్ళి చెబుతాను.

మధ్యలో ఏమైందంటే...

చూపించాడు మేడమ్. నా కళ్ళకి జానెడు దూరంలో ఎత్తి పట్టుకున్నాడు. లేబుల్ నావైపే ఉంది. పక్కనుంచి ఎండ పడుతోంది, నల్లటి అక్షరాలు, చిన్నపిల్లలు కూడా చదివేయగలరు. చదవడానికి రెండు క్షణాలు పట్టేది. అతని నుదుటి మీద చెమట చుక్క ఒకటి కనుబొమ దాకా జారింది, నేను దాన్ని చూస్తున్నాను. తుడవాలని ఎంత అనిపించిందో. అలా చూస్తూనే అనేశాను, చూశాను అని.

చూడలేదు. రాసుకోండి మేడమ్. నేను ఆ ఆంప్యూల్ చూడలేదు.